ఒకే జూదానికి రెండు ఫైళ్లు వద్దు

వరంగల్ పోలీస్ కమిషనర్ గారికి,
వరంగల్, హనుమకొండ, జనగామ జిల్లాల కలెక్టర్లకు, రోడ్డు భద్రతా కమిటీల సభ్యులకు,
రవాణా, కార్మిక శాఖల అధికారులకు, లారీ యజమానుల సంఘాల పెద్దలకు,

నమస్కారములు.

నేను ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో జమాఖర్చులు రాసే గుమాస్తాను. ఏ లారీ ఏ లోడుతో ఎప్పుడు బయలుదేరింది, డ్రైవరుకు బత్తా ఎంత ఇచ్చాము, డీజిల్‌కు ఎంత, కాటా దగ్గర ఎంత, టోల్‌కు ఎంత అన్నది రాసిపెట్టడం నా పని. డ్రైవర్లు, క్లీనర్లు జీతంలో ముందుగా తీసుకునే అడ్వాన్సులు కూడా ఆ పుస్తకంలోనే ఉంటాయి. ఈ లేఖ రాయడానికి ఆ అడ్వాన్సుల పద్దే కారణం.

మామూలు రోజుల్లో డ్రైవరు అడ్వాన్సు అడిగేది పొద్దున, లోడు ఎత్తేటప్పుడు. పిల్లల ఫీజుకో, ఇంట్లో జ్వరానికో, నెల చిట్టీ కట్టడానికో అడుగుతాడు, కారణం చెబుతాడు, చెప్పకపోయినా మనకు తెలుస్తుంది. మార్చి నెలాఖరు నుంచి మే దాకా, అంటే ఐపీఎల్ సాగినన్నాళ్లూ, ఫోన్‌లో ఆడే క్రికెట్ బెట్టింగు వల్ల అదే పద్దు వేరే తీరుగా నడుస్తుంది. అప్పుడు అడిగేది సాయంత్రం ఏడు దాటిన తరువాత, టాస్ పడ్డాక, మొదటి బంతి పడకముందు. "అన్నా, రెండు వేలు సర్దు, మళ్ల ట్రిప్పుల కోసుకో" అంటారు. రేపు పొద్దున తీసుకొమ్మంటే వాళ్లకు పనికిరాదు. ఎనుమాములకు మిర్చి ఎక్కువగా వచ్చేది కూడా ఆ రోజుల్లోనే కాబట్టి, కోల్డ్ స్టోరేజీల నుంచి, యార్డు నుంచి బస్తాలు ఎత్తుకుని లారీలు ఒకదాని వెనుక ఒకటి బయలుదేరే కాలం, మా డ్రైవర్లు రాత్రుళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చునే కాలం ఒకటే అవుతున్నాయి.

ఒక డ్రైవరు సంగతి చెబుతాను. పేరు అవసరం లేదు. నెమ్మదస్తుడు, తాగుడు అలవాటు లేనివాడు, బండిని సొంత బండిలా చూసుకునేవాడు. ఎంత పోయిందో తనకే లెక్క తెలియక, ఒకరోజు ఫోన్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, కూడిపెట్టమన్నాడు. అందులో చెల్లింపులు వరుసగా ఉన్నాయి: 100, 200, 500, 1000, 2000, మళ్లీ 100. పోయిన ప్రతిసారీ రెట్టింపో అంతకంటే ఎక్కువో పెట్టి పోయినదాన్ని రాబట్టాలని చూసినట్టు ఆ అంకెలే చెబుతున్నాయి. డబ్బు చేరినవాళ్ల పేర్లలో ఏ యాప్ పేరూ లేదు. ఒకచోట పాన్ షాపు, ఒకచోట మొబైల్ రీచార్జి దుకాణం, మిగతావన్నీ ఎన్నడూ వినని మనుషుల పేర్లు. కూడి చెప్పిన తరువాత అతను ఏమీ అనలేదు. మరునాడు నాగపూర్ నుంచి వచ్చి దిగిన లారీని అదే రాత్రి మళ్లీ చెన్నైకి తీసుకుపోతానని వచ్చాడు. "ఇంకో ట్రిప్పు రాయన్నా, నిద్ర ఆపుకునుడు నాకు అలవాటే" అన్నాడు. సీజన్లో డ్రైవరు తనంత తానుగా రెండో ట్రిప్పు అడిగితే వద్దనే యజమాని ఉండడు. వడ్డీకి తెచ్చిన డబ్బు, కడతానన్న తేదీ, ఆ తేదీలోగా వేయవలసిన ట్రిప్పులు అతని లెక్కలో ఒకదానికొకటి కట్టి ఉన్నాయి.

కొద్ది వారాలకే తెల్లవారుజామున హైదరాబాదు దారిలో, దీపాల్లేకుండా రోడ్డు వారగా ఆపి ఉన్న ఒక ట్రాక్టరు ట్రాలీని వెనుక నుంచి గుద్దాడు. ప్రాణం దక్కింది, కాలు విరిగింది, బండి నెలల తరబడి షెడ్డులో ఉంది. కాగితాల మీద ప్రమాదానికి కారణం "అతివేగం, నిర్లక్ష్యం" అని రాశారు. రాసినది అబద్ధమేమీ కాదు. కానీ ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. బెట్టింగు సంగతి సైబర్ క్రైం వాళ్లది, పేకాట టాస్క్‌ఫోర్సుది, ప్రమాదం ట్రాఫిక్ వాళ్లది, డ్రైవరు పని గంటలు కార్మిక శాఖవి, ట్రాక్టరుకు వెనుక దీపాలు లేకపోవడం రవాణా శాఖది. నేను మీ అందరికీ కలిపి ఒకే లేఖ ఎందుకు రాస్తున్నానో దీన్నిబట్టి గ్రహించగలరు. రాత్రి ఫోన్‌లో పోయిన డబ్బు తెల్లవారి రోడ్డు మీద వేగంగా మారుతోంది. ఆ రెండూ ఒకే జూదమని గుర్తించి, ఒకే ఫైలులో పెట్టి చూడమని అడగడానికే ఈ లేఖ.

కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతానికి పైగా మరణాలను అతివేగం కింద చూపించారు. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం మాత్రమే అయినా మరణాల్లో మూడో వంతుకు పైగా వాటి మీదనే జరిగాయి. 2023లో మృతుల సంఖ్య 1,72,000 దాటింది. ఇన్ని వేల మందిని "అతివేగం" అన్న ఒక్క మాట కింద కలిపి కట్టేస్తే, మందు మాత్రం ఎలా దొరుకుతుంది? తొందర ఉండబట్టి వేగం వస్తుంది. ఆ తొందర ఎవరిది, ఎవరు పెట్టింది, దానివల్ల ఎవరికి ఎంత మిగులుతుంది అన్నవి అడగవలసిన ప్రశ్నలు.

మిగిలేది ఎంతో ముందు చూద్దాం. హనుమకొండ నుంచి ఉప్పల్ దాకా దూరం 140 కిలోమీటర్లు అనుకుందాం. గంటకు 80 చొప్పున పోతే గంటా నలభై అయిదు నిమిషాలు పడుతుంది. 100 చొప్పున ఎక్కడా తగ్గకుండా పోగలిగితే గంటా ఇరవై నాలుగు నిమిషాలు. అన్ని ఊళ్లలోనూ, కొమళ్ల టోల్ గేటు దగ్గరా ఒక్క క్షణం కూడా ఆగకపోతే మిగిలే సమయం ఇరవై ఒక్క నిమిషాలు. ఆగక తప్పదు కాబట్టి నిజంగా మిగిలేది అందులో సగం ఉంటే గొప్ప. ఆ పది పదిహేను నిమిషాలూ ఉప్పల్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో పోతాయి.

వరంగల్ నుంచి వర్ధన్నపేట, తొర్రూరు మీదుగా ఖమ్మం పోయే దారిలో ఓవర్‌టేక్ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. ముందు లోడు లారీ గంటకు 50 మీద పోతోందనుకుందాం. వెనుక కారు 80 మీద దాన్ని దాటాలి. లారీ పొడవు, దానికి ముందు వెనుక వదలవలసిన జాగా కలిపితే లారీ కంటే 60 మీటర్లు అదనంగా పోవాలి. దానికి ఏడు సెకన్లకు పైగా పడుతుంది. ఆ ఏడు సెకన్లలో కారు 160 మీటర్లు పోతుంది; ఎదురుగా అదే వేగంతో వచ్చే బండి ఇంకో 160 మీటర్లు వస్తుంది. అంటే ఏ పొరపాటూ జరగకపోయినా 320 మీటర్ల ఖాళీ రోడ్డు కంటికి కనబడాలి. రాత్రి డిమ్ లైటులో కనబడేది యాభై, అరవై మీటర్లు. మిగతా దూరం ఖాళీగా ఉందని అనుకోవడం తప్ప చూడటం ఉండదు. పందెం కాయడమంటే అదే కదా. అయితే ఇక్కడ ఒడ్డింది జేబులోని డబ్బును కాదు, పక్క సీట్లో నిద్రపోతున్న భార్యాపిల్లలను, ఎదురుగా వస్తున్న ఆటోలోని మనుషులను.

అలా కాసిన పందెం చాలాసార్లు గెలుస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. అలాంటి ఓవర్‌టేక్ పదివేలకు ఒక్కసారి మాత్రమే ప్రాణం మీదికి తెస్తుందని అనుకుందాం. రోజుకు పదిసార్లు, ఏడాదికి మూడు వందల రోజులు రోడ్డు మీద ఉండే డ్రైవరు ఏడాదికి మూడు వేలసార్లు ఆ పందెం కాస్తాడు. లెక్క కడితే ఒక్క ఏడాదిలో ప్రాణం మీదికి వచ్చే అవకాశం నాలుగో వంతుకు మించుతుంది. పదేళ్లలో తొంభై అయిదు శాతానికి చేరుతుంది. కానీ ఆ డ్రైవరుకు గుర్తుండేవి తప్పించుకున్న వేలసార్లే. "ఇన్నేళ్ల సంది నడుపుతున్న, ఏమైంది?" అన్న మాట మీరు వినే ఉంటారు. నిన్న ఏమీ కాలేదన్నదే ఈ రోజుకు ధైర్యం అవుతోంది.

ఫోన్‌లోని ఆటకూ ఇదే లెక్క వర్తిస్తుంది. రెండు జట్లూ సమఉజ్జీలైన మ్యాచ్‌లో నూరు రూపాయలు కాసి గెలిస్తే నూట తొంభై ఇస్తామని రెండు వైపులా రాస్తారు. ఇరువైపులా కాసిన రెండు వందల్లో పది రూపాయలు ఎవరు గెలిచినా నడిపేవాడివే. అంటే కాసిన ప్రతి నూరుకు సగటున తొంభై అయిదే తిరిగి వస్తుంది. వచ్చినదాన్ని మళ్లీ మళ్లీ కాస్తూ పోతే పది పందేలకు సగటున అరవై, ఇరవై పందేలకు ముప్పై ఆరు మిగులుతాయి. మోసం లేని యాప్ అనుకుంటే లెక్క ఇది. మోసం ఉన్న యాప్‌లో, అడిగినప్పుడు డబ్బు వెనక్కి ఇవ్వకుండా ఖాతా మూసేసే యాప్‌లో, ఈ మాత్రం లెక్క కూడా అక్కరలేదు. మలక్‌పేట గుర్రప్పందేల సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదుకు లోడు తీసుకుపోయి ఖాళీగా ఉన్న పూట అటు పోయి వచ్చేవాళ్లు పాతతరం డ్రైవర్లలో ఉండేవారు. అక్కడ అందరూ కాసిన డబ్బు ఒకచోట పడుతుంది. అందులోంచి నిర్వాహకుల వాటా, పన్ను పోయిన తరువాతే మిగిలినది గెలిచినవాళ్లు పంచుకుంటారు. పందెం మొత్తం విలువ మీద 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 40 శాతం చేశారు. గుర్రం గేటు దాటకముందే కాసినవాళ్లందరూ కలిసి ఓడిపోయి ఉంటారు. వారిలో వారు ఎవరు ఎంత ఓడారన్నదే పరుగుతో తేలుతుంది.

ఇది నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదన మన నేల మీదనే చాలాకాలంగా నడుస్తోంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులోనే 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అన్నది. 1996లో గుర్రప్పందేల విషయంలోనూ అలాగే తీర్పు చెప్పింది. ఆ మాటలనే ఆసరాగా చేసుకుని రమ్మీ యాప్‌లు ఇంటింటికీ వచ్చాయి. 2017లో మన ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను రమ్మీతో సహా నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, యాభై లక్షల వరకు జరిమానా అందులో ఉన్నాయి. ఆడి మోసపోయినవాడిని శిక్షించే నిబంధన పెట్టలేదు. అది సరైన పని అని నేను నమ్ముతున్నాను.

నైపుణ్యం అన్న మాటను నేను ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. మా డ్రైవర్లలో బెట్టింగు ఆడేవాళ్లందరూ తమకు క్రికెట్ తెలుసు అంటారు. నిజంగానే తెలుసు, ఏ పిచ్ మీద ఎవరు ఆడతారో చెప్పగలరు. ఓవర్‌టేక్ చేసేవాళ్లందరూ తమకు స్టీరింగ్ మీద చెయ్యి ఉంది అంటారు. అదీ నిజమే. ఆ నైపుణ్యం పందెం రేటును మార్చలేదు, ఎదురుగా వచ్చేవాడి వేగాన్నీ మార్చలేదు. అందువల్ల వీళ్లను మూర్ఖులనో, అత్యాశాపరులనో తిట్టి చేసే అవగాహన సదస్సులు వాళ్ల చెవికి ఎక్కవు. తమ పనిలో ఆరితేరిన మనుషులకు లెక్కను మర్యాదగా చూపించాలి. కాలేజీ పిల్లలను వరుసగా నిలబెట్టి ప్రతిజ్ఞ చేయించడం వల్ల ఫోటో తప్ప ఏమీ రాదని చెప్పడానికి నేను సంకోచించడం లేదు.

ఇప్పుడు మీ శాఖలు చేస్తున్న పనిని గురించి. 2025 మార్చిలో బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేసిన సినీనటుల మీద, సోషల్ మీడియా ప్రముఖుల మీద హైదరాబాదులో కేసులు పెట్టినప్పుడు, శాసనసభలో ముఖ్యమంత్రి ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ప్రకటించినప్పుడు, అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ గారు అంతకుముందు నుంచీ వాటికి వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడుతున్నప్పుడు, మా ఆఫీసు ముందు టీకొట్టు దగ్గర కూడా దాని గురించి మాట్లాడుకున్నారు. కొన్నాళ్లు భయం కనిపించింది. తరువాత లింకులు టెలిగ్రాంలో, వాట్సాప్‌లో రావడం మొదలుపెట్టాయి. ప్లే స్టోర్‌లో లేని యాప్‌ను ఫోన్‌లోకి ఎలా ఎక్కించాలో చెప్పే కుర్రవాడు ప్రతి అడ్డా మీద ఒకడు తయారయ్యాడు. ఎక్కించినందుకు వాడికి కమీషన్. పెద్ద పేర్ల మీద కేసు పెట్టడం అవసరమే. మా వాళ్లను అందులోకి దింపేది మాత్రం ఈ చిన్న కమీషన్ మనిషి, తన బ్యాంకు ఖాతాను నెలకింతని అద్దెకు ఇచ్చే ఇంకొక చిన్న మనిషి. వీళ్లను పట్టుకోవడానికి ముంబయి, దుబాయి పోనక్కరలేదు.

అదే సమయంలో మామిడితోటల్లో పత్తాలాట ఆడుతున్న ఏడెనిమిది మందిని పట్టుకుని, ముందు బల్ల మీద నోట్ల కట్టలు, సెల్‌ఫోన్లు, పేకముక్కలు పేర్చి, వెనుక నిలబెట్టి తీసిన ఫోటోలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. చట్టం చట్టమే, దాన్ని తప్పుపట్టను. కానీ ఆ ఆటలో పోయిన డబ్బు ఆ ఊళ్లోనే ఇంకొకరి జేబులో ఉంటుంది, ఆట కూడా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఫోన్‌లో ఆట తెల్లవార్లూ నడుస్తుంది. డబ్బు అయిపోతే అదే ఫోన్‌లో అయిదు నిమిషాల్లో అప్పు దొరుకుతుంది. శ్రమంతా పత్తాలాట మీద పెడుతున్నారన్నదే నా బాధ. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో పందెంకోడి కాలికి కట్టిన కత్తి తగిలి దాన్ని పట్టుకున్న మనిషే చనిపోతే దేశమంతా వింతవార్తగా చదివి మరచిపోయింది. చనిపోయినవాడి ఇంటికి అది వింత కాదు.

ట్రాఫిక్ చలాన్ల సంగతి నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెడుతోంది. పేరుకుపోయిన చలాన్లు వసూలు చేయడానికి 2022 మార్చిలో ద్విచక్రవాహనాలకు 75 శాతం, మళ్లీ 2023 డిసెంబరు నెలాఖరులో 80 శాతం రాయితీ ఇచ్చారు. ఖజానాకు డబ్బు వచ్చి ఉండవచ్చు. రోడ్డు మీద తిరిగేవాళ్లు నేర్చుకున్నది మాత్రం ఇంకొకటి: వెంటనే కట్టినవాడు నష్టపోయాడు, ఆగినవాడు లాభపడ్డాడు. హెల్మెట్ పెట్టుకోవాలా వద్దా, వేగం తగ్గించాలా వద్దా అన్నది కూడా ఒక పందెంగా మారింది. అందులో గెలిచే అవకాశాన్ని ప్రభుత్వమే పెంచింది. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు దేశంలో యాభై వేలు దాటారు. దయచేసి ఇక రాయితీలు ప్రకటించకండి. జరిమానా చిన్నదైనా సరే, తప్పకుండా పడుతుందన్న నమ్మకం కలిగించండి. ఏ మలుపు దగ్గర స్పీడు గన్ పెడతారో ప్రతి డ్రైవరుకూ తెలుసు. అక్కడ తగ్గించి, దాటగానే పెంచుతారు. టోల్ గేట్ల మధ్య ప్రయాణానికి పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం కట్టే పద్ధతి తెస్తే ఆ దాగుడుమూతలు ఆగుతాయి.

పందెం కాయకుండానే పణంగా మారేవాళ్లను గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే వాళ్ల తరఫున లేఖలు రాసేవాళ్లు తక్కువ. మిరపకాయలు ఏరే రోజుల్లో తెల్లవారకముందే ఊళ్ల నుంచి బయలుదేరే ఆటోలను, ట్రాలీలను చూడండి. ఆరుగురు కూర్చోవలసిన చోట పదిహేను మంది ఆడవాళ్లు, సద్దిగిన్నెలు, వెనుక తలుపు మీద కాళ్లు వేలాడేసుకుని ఇద్దరు ముగ్గురు. ఆ ఆటో ఎక్కకపోతే ఆ రోజు కూలి లేదు. జాతీయ రహదారి మీద రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్ వైపు ఏ ఊరి దగ్గరైనా ఒక గంట నిలబడండి. పొలం నుంచి ఊళ్లోకి పోవలసిన రైతు యూటర్న్ దూరంగా ఉండటం వల్ల ట్రాక్టరునో, మోటారుసైకిలునో రాంగ్ రూట్‌లో నడుపుకుంటూ వస్తాడు. అతనికీ భయమే. యాసంగి, వానాకాలం కోతల తరువాత రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రి నల్లటి పరదాలు కప్పుతారు. మోటారుసైకిలు మీద వచ్చేవాడికి ఆ కుప్పగానీ రాయిగానీ దగ్గరికి వచ్చేదాకా కనబడదు. రైతుకు కల్లం లేదు, ఆరబెట్టకపోతే తేమ పేరుతో కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతారు. వీళ్ల మీద కేసులు పెట్టి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఊరికి కల్లాలు కట్టించడం, సర్వీసు రోడ్డు పూర్తిచేయడం, కూలీలకు వీలుగా సీజన్లో ఆర్టీసీ పల్లెబస్సుల వేళలు మార్చడం వంటివి రోడ్డు భద్రతా కమిటీ ఎజెండాలో ఉండవలసిన పనులు.

లారీ యజమానుల సంఘాల పెద్దలారా, మీతో ఒక మాట చెప్పాలి. నేను మీ ఉప్పు తినేవాణ్ణే కాబట్టి గౌరవంతోనే చెబుతున్నాను. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవరు పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలుగా ఉండేది. దూరపు దారుల్లో అనుమతి ఉంటే రోజుకు పది, వారానికి యాభై నాలుగు. అయిదు గంటలకొకసారి అరగంట విశ్రాంతి ఇవ్వాలని ఉండేది. మన పుస్తకాల్లో గంటలు ఎక్కడా ఉండవు, ట్రిప్పులే ఉంటాయి. ట్రిప్పుకింత అని డబ్బు ఇచ్చి, తొందరగా వస్తే పైన ఇంకొంత అంటే, డ్రైవరు చేతికి మనమే పాచికలు ఇచ్చినట్టు. పైన ఇచ్చే ఆ కొంత తీసేసి దాన్ని నెల జీతంలో కలపండి. నాగపూర్ నుంచి దిగిన మనిషిని అదే రాత్రి చెన్నై పంపకుండా, ఒక పూట నిద్ర అని పుస్తకంలో రాయించండి. ఆ పూట కిరాయి ఎంత నష్టమో, నెలల తరబడి షెడ్డులో పడి ఉన్న బండికి ఎంత నష్టమో రెండు లెక్కలూ నా దగ్గర ఉన్నాయి, అడిగితే చూపిస్తాను. అడ్వాన్సులు సాయంత్రం ఆరు తరువాత, ఆసుపత్రి ఖర్చుకు తప్ప, ఇవ్వవద్దని అన్ని ఆఫీసులూ కలిసి ఒక కట్టుబాటు చేసుకుంటే ఖర్చు లేకుండా జరిగే పని.

కార్మిక, రవాణా శాఖల వారు సీజన్ మొదలుకాకముందే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల రిజిస్టర్లు అడిగి చూడాలి. ఒకే డ్రైవరు పేరు మీద వరుస రాత్రుళ్లు రెండు దూరపు ట్రిప్పులు కనబడితే చాలు, అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ట్రాక్టరు ట్రాలీలకు, లారీలకు వెనుక రేడియం స్టిక్కర్లు అతికించే పని ఏటా ఒక వారోత్సవంలో ముగిసిపోతోంది. దాన్ని యార్డు గేటు దగ్గర, కాటా దగ్గర రోజువారీ తనిఖీగా మార్చండి. లారీలు ఆపుకోవడానికి, డ్రైవరు స్నానం చేసి పడుకోవడానికి దీపాలు, కాపలా ఉన్న జాగాలు వరంగల్, హైదరాబాదు మధ్య చూపించండి. డీజిల్ దొంగలకు భయపడి బండిలోనే మెలకువగా కూర్చునే డ్రైవరు తెల్లవారి ఎలా నడుపుతాడో ఊహించుకోండి.

కమిషనర్ గారూ, మీకు ప్రత్యేకంగా రెండు విన్నపాలు. ప్రాణాలు పోయిన ప్రతి ప్రమాదంలోనూ, డ్రైవరు అంతకుముందు ఎన్ని గంటలు నడిపాడు, ఆ వారంలో ఎన్ని ట్రిప్పులు వేశాడు, అప్పుల ఒత్తిడి ఏమైనా ఉందా అన్నవి దర్యాప్తులో నమోదు చేయించండి. అతన్ని ఇరికించడానికి వాడకుండా, ఎవరి తొందర అతని చేత నడిపించిందో తెలుసుకోవడానికి వాడాలి. పేర్లు లేకుండా ఆ వివరాలను ఏడాదికొకసారి రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టాలి. రెండవది, బెట్టింగులో మునిగిన మనిషి పోలీసు స్టేషనుకు రావడానికి భయపడుతున్నాడు. తాను కూడా నేరస్థుడినేమో అనుకుంటున్నాడు. 2025 చట్టం అతన్ని శిక్షించడం లేదన్న సంగతి ఎవరూ అతనికి చెప్పలేదు. 1930కి ఫోన్ చేస్తే పోయిన డబ్బును ఆపే ప్రయత్నం జరుగుతుందని, 14416కి ఫోన్ చేస్తే మనసు విప్పి మాట్లాడటానికి మనిషి దొరుకుతాడని ప్రతి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో, పెట్రోలు బంకులో, కాటా దగ్గర తెలుగులో బోర్డు పెట్టించండి. ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్యులను నెలకొకసారి యార్డుకు పంపేలా కలెక్టర్ గారు చూడాలి. మా వాళ్లు ఆసుపత్రికి పోరు; గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే వచ్చి మాట్లాడతారు.

ఈ విన్నపం కొత్త మిర్చి యార్డుకు రాకముందే మీకు చేరాలని రాస్తున్నాను. జనవరి దాటితే లారీలు బారులు తీరుతాయి, ఆ తరువాత ఎవరికీ తీరిక ఉండదు. మార్చి నెలాఖరుకు ఐపీఎల్ వచ్చేస్తుంది. అంతకుముందే మీరందరూ ఒక పూట ఎనుమాముల యార్డులో కూర్చోవాలి. డ్రైవర్లను, క్లీనర్లను, హమాలీలను, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లను కూడా పిలవాలి. వాళ్లు చెప్పేది ముందు వినండి, మీరు చెప్పేది తరువాత చెప్పండి. ఆ రోజు మా యజమాని అనుమతితో, పేర్లు చెరిపివేసి, మా ఆఫీసు ట్రిప్పుల పుస్తకాన్నీ అడ్వాన్సుల పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మిగతా ఆఫీసుల గుమాస్తాలను కూడా తీసుకొస్తాను.

ఇట్లు
భవదీయుడు,
ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తా,
ఎనుమాముల, వరంగల్.